స్త్రీ పురుషుల రక్తకణములలో భేదమున్నదా?

గురువుగారి వద్ద నాడీపరీక్ష నేర్చుకొనునప్పుడు మొదట తెలిసిన నియమము పురుషునకు కుడిచేయి, స్త్రీకి ఎడమచేయి పట్టి చూడవలెనని. నాకప్పుడు పదునాలుగేండ్లు. ఎందుకని అడిగినాను. గురువుగారు నవ్వి, "ఆడవాళ్ల ఒళ్లు వేరు, మగవాళ్ల ఒళ్లు వేరు. అది గుర్తుండడానికైనా చెయ్యి మార్చాలిరా" అన్నారు. ఆ మాట కంఠస్థమైనది గాని దాని లోతు తెలియుటకు చాలా యేండ్లు పట్టినది. ఒక రోగి నాకు దానిని నేర్పినది.

ఆమె ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలు. వయస్సు ఇరువది యెనిమిది. వేళ్ల కణుపులు, మణికట్లు తెల్లవారుజామున బిగుసుకొనిపోవుచున్నవని, పని చేయకయే అలసట కలుగుచున్నదని వచ్చినది. నేను ఆమవాతమని నిర్ణయించి, శొంఠి కషాయము, సింహనాద గుగ్గులు ఇచ్చి పథ్యము చెప్పినాను. నొప్పులు కొంత తగ్గినవి. జుట్టు రాలుచున్నదని, ఎండలో నడిచిన బుగ్గలు ఎర్రబారుచున్నవని ఆమె చెప్పినప్పుడు పిత్తమనుకొని మరియొక చూర్ణము చేర్చినాను. ఇట్లు నాలుగు నెలలు గడిచినవి. ఒకనాడు ఆమె తల్లి వచ్చి, "అయ్యగారూ, అమ్మాయికి పాదాలు వాస్తున్నాయండీ. మూత్రం నురగ కడుతోందట" అన్నది.

నా చేతిలోని కాగితము జారినది. ఆ దినమే ఆమెను నగరములోని ఆసుపత్రికి పంపినాను. పరీక్షలలో లూపస్ అని తేలినది. వ్యాధి అప్పటికే మూత్రపిండములను తాకినది. అక్కడి వైద్యురాలు వయస్సులో నాకు కూతురు వంటిది. నాతో ఫోనులో మర్యాదగానే మాట్లాడినది. "పెద్దవారు, మీకు చెప్పేదాన్ని కాదండీ. ఈ జబ్బు వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే. పడుచుపిల్లకి కీళ్లనొప్పులు, జుట్టు రాలడం, బుగ్గల మీద ఎరుపు కలిసి వస్తే ముందు దీన్నే అనుమానించాలి" అన్నది.

నాలుగు నెలలు నా వలన పోయినవి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రక్తము అందరిదీ ఎర్రనిదే కదా, పదింట తొమ్మిది పాళ్లు స్త్రీలకే ఈ వ్యాధి ఏల రావలెను? ఈ ప్రశ్న వెంట పడి, జీవశాస్త్రము చదివిన మా అన్నగారి మనుమరాలి సహాయముతో నేను తెలిసికొన్న విషయములను పాఠకుల ముందుంచుచున్నాను. విషయము కొంత కొత్తదే అయినను ఓపికతో చదివినవారికి కఠినము కాదు.

అక్షరములు ఒకటే, గుర్తులు వేరు

మన కణముల నడుమ కేంద్రకము, కేంద్రకములో క్రోమోజోములు ఉండును. ఇవి 46; జతలుగా లెక్కించిన 23. ఇరువది రెండు జతలు స్త్రీ పురుషులకు ఒకే తీరుగా నుండును. ఇరువది మూడవ జత మాత్రము స్త్రీకి రెండు ఎక్స్‌లు, పురుషునకు ఒక ఎక్స్, ఒక వై. తల్లి ఇచ్చునది ఎప్పుడును ఎక్స్ మాత్రమే. తండ్రి ఇచ్చునది ఎక్స్ అయిన ఆడశిశువు, వై అయిన మగశిశువు. శుక్ర శోణితముల ఆధిక్యమును బట్టి శిశువు ఆడయో మగయో అగునని మా గ్రంథములలో నున్నది. నేను ఆ గ్రంథములకు నమస్కరించువాడనే. అయినను ఈ విషయమున నేటి శాస్త్రము చెప్పినదే సరియైనది. ఆడపిల్లలనే కన్నదని కోడలిని నిందించు ఇండ్లు ఇంకను ఉన్నవి గనుక దీనిని స్పష్టముగా వ్రాయుచున్నాను.

క్రోమోజోములలో నున్న పదార్థమే డి.ఎన్.ఏ. ఇది నాలుగక్షరములతో వ్రాసిన పెద్ద గ్రంథము వంటిది. ఆ అక్షరములు ఏ, టీ, జీ, సీ. తల్లి నుండి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములు, తండ్రి నుండి వచ్చిన ప్రతిలో ఇంచుమించు అన్నియే ఉండును. కంటి కణములోను, కాలేయ కణములోను, రక్తకణములోను ఉన్నది ఇదే గ్రంథము. అట్లయిన కన్ను కన్నుగాను, కాలేయము కాలేయముగాను ఎట్లున్నవి? ప్రతి కణము తనకు కావలసిన అధ్యాయములను మాత్రము చదివి, మిగిలిన వానిని మూసి యుంచుట వలననే.

మూయు పద్ధతులలో ముఖ్యమైనది మిథైలేషన్. ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు కలిసిన చిన్న ముక్కను మిథైల్ అందురు. ఇది సీ అను అక్షరమునకు అతుకుకొనును. సాధారణముగా సీ ప్రక్కన జీ ఉన్న తావులలోనే ఇది జరుగును. మన డి.ఎన్.ఏ.లో ఇట్టి తావులు రెండు కోట్ల ఎనుబది లక్షల వరకు కలవు. వానిలో నూటికి 70 నుండి 80 పాళ్లు మిథైల్ గుర్తు కలిగియే యుండును.

ఆసవ అరిష్టములు చేయునప్పుడు కుండకు మూత పెట్టి, గుడ్డ చుట్టి, మట్టి మెత్తి సంధిబంధనము చేయుదుము. కుండలో ద్రవ్యము మారలేదు, మూత పడినది, అంతే. జన్యువు మొదటి భాగమున మిథైల్ గుర్తులు దట్టముగా పడిన ఆ జన్యువు అట్లే మూతపడును. అక్షరము మారదు, చదువుట ఆగును. జన్యువు నడిమి భాగమున పడిన గుర్తుల ప్రభావము వేరుగా నుండును గనుక గుర్తు పడిన ప్రతి చోటును మూతయని అనుకొనరాదు. కణము రెండుగా చీలినప్పుడు ఈ గుర్తులను కొత్త కణమునకు ఎత్తి వ్రాయు ఎంజైములు కలవు. అందుచేత ఒకసారి పడిన గుర్తు యేండ్ల తరబడి నిలుచును. జన్యువులు తెరచుకొనుట, మూసికొనుట ఈ గుర్తులతో జరుగవచ్చునని 1975లో ఇంగ్లండులో హాలిడే, ప్యూ అనువారు, అమెరికాలో రిగ్స్ అనునతడు వేరువేరుగా ప్రతిపాదించినారు.

రక్తములో చూచునది ఏ కణములను?

పరిశోధకులు రక్తమునే పరీక్షించుటకు ప్రధాన కారణము అది సులభముగా దొరకుట. మెదడు నుండి ముక్క తీయలేము, మోచేతి నుండి రక్తము తీయగలము. రక్తమునకు ఎరుపు నిచ్చు కణములలో కేంద్రకము లేదు, కావున డి.ఎన్.ఏ.యు లేదు. గాయమైనప్పుడు రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లలోను కేంద్రకము లేదు. కనుక రక్తములోని మిథైలేషన్ అనగా తెల్లకణములలోని మిథైలేషన్. శరీరమునకు కావలి కాయు సైన్యము ఈ తెల్లకణములే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. తెల్లకణములు ఒకే జాతివి కావు. న్యూట్రోఫిల్లులు, లింఫోసైట్లు, మోనోసైట్లు మొదలుగా పలు రకములు కలిసి యుండును. ఒక్కొక్క రకమునకు గుర్తుల తీరు వేరు. ఒక బస్తాలో పెసలు, మినుములు కలిసియున్నవనుకొనుడు. పక్క బస్తాలో మినుములు ఎక్కువైన బస్తా నల్లగా కనిపించును. అంతమాత్రమున ఏ గింజ రంగును మారలేదు. స్త్రీల రక్తములో సహాయక టి-కణములనబడు లింఫోసైట్ల పాలు పురుషులకంటె సగటున కొంత ఎక్కువ. ఈ పాళ్ల తేడాను లెక్కగట్టి తీసివేయనిచో బస్తా రంగును చూచి గింజ రంగు మారినదని భ్రమపడుదుము. గుర్తులను బట్టియే కణముల పాళ్లను అంచనా వేయు గణిత పద్ధతి 2012లో వచ్చినది. అప్పటినుండి ఈ పరిశోధనలకు గట్టి పునాది ఏర్పడినది.

స్త్రీకి రెండు ఎక్స్‌లు, పని చేయునది ఒకటి

అన్నింటికంటె పెద్ద భేదము ఎక్స్ క్రోమోజోములోనే కలదు. 1949లో కెనడాలో బార్, బెర్ట్రామ్ అనువారు పిల్లుల నాడీకణములను పరీక్షించుచు, ఆడపిల్లుల కణములలో మాత్రము కేంద్రకములో ఒక నల్లని చుక్కను కనుగొన్నారు. అది ముడుచుకొనిపోయిన ఎక్స్ క్రోమోజోము. 1961లో ఇంగ్లండుకు చెందిన మేరీ లయన్ అను శాస్త్రవేత్త దీని అర్థమును విప్పి చెప్పినారు. ఆడజీవి పిండముగా నున్న తొలి దినములలోనే ప్రతి కణమును తన రెండు ఎక్స్‌లలో ఒకదానిని మూసివేయును. ఒక కణము తల్లి నుండి వచ్చిన దానిని మూయును, పక్క కణము తండ్రి నుండి వచ్చిన దానిని మూయును. ఆపై వాని సంతతి కణములన్నియు అదే పద్ధతిని పాటించును.

మన వీథులలో నలుపు, నారింజ, తెలుపు మచ్చలు కలిసిన పిల్లులను చూచియుందురు. అవి దాదాపు ఎల్లప్పుడును ఆడపిల్లులే. నారింజ రంగు నిచ్చు జన్యువు ఎక్స్ మీద నున్నది. దానిని మోయు ఎక్స్ తెరచియున్న చోట నారింజ మచ్చ, మూసియున్న చోట నల్ల మచ్చ వచ్చును. తెలుపునకు కారణము వేరొక జన్యువు. స్త్రీ శరీరమును ఈ విధముగనే రెండు తీరుల కణముల కలయిక. రంగులుగా పైకి కనబడదు, అంతే.

ఈ మూత వేయు పనిని ఎక్సిస్ట్ అను జన్యువు మొదలుపెట్టును. దానిని 1991లో కనుగొన్నారు. అది ఎక్స్‌ను మూయించిన పిదప, ఆ మూత జీవితాంతము ఊడకుండ బిగించుపని మిథైల్ గుర్తులది. కనుకనే స్త్రీ రక్తమును పరీక్షించినపుడు ఎక్స్ మీది జన్యువుల మొదటి భాగములలో సుమారు సగము గుర్తులు కనిపించును. ఒక ఎక్స్ తెరచినది, ఒకటి మూసినది గదా! పురుషునకు ఉన్న ఒక్క ఎక్స్‌లో ఆ తావులు ఎక్కువగా గుర్తులు లేకయే యుండును.

మూత అన్ని జన్యువుల మీదను పడదు. మూయబడిన ఎక్స్‌లో నూటికి సుమారు 15 జన్యువులు మూత తప్పించుకొని పనిచేయుచునే యుండునని 2005లో వెలువడిన పరిశోధన తెలిపినది. అట్టి జన్యువులు స్త్రీలో రెండు చోట్ల నుండియు పలుకును. ఎక్స్ క్రోమోజోములో రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువులు పెక్కు కలవు. లూపస్ ప్రశ్నకు తాళపుచెవి ఇచ్చటనే దొరకినది. దానికి ముందు మిగిలిన క్రోమోజోముల సంగతి చూతము.

మిగిలిన ఇరువది రెండు జతలలో

ఎక్స్ లో భేదముండుట సహజమే. స్త్రీ పురుషులకు సమానముగా నున్న 22 జతలలోను గుర్తుల భేదమున్నదా? 2007లో జర్మనీ పరిశోధకులు 96 మంది పురుషుల, 96 మంది స్త్రీల రక్తమును పోల్చి, కొన్ని తావులలో పురుషులకు గుర్తులు కొద్దిగా ఎక్కువని చూపినారు. తరువాత ఒకేసారి లక్షల తావులను చదువు చిప్పులు వచ్చినవి. భేదములు కుప్పలుగా కనిపింపసాగినవి.

అప్పుడొక పొరపాటు బయటపడినది. చిప్పు మీద నున్న కొన్ని సూచికలు తాము పట్టుకొనవలసిన తావుతో బాటు, దానిని పోలిన ఎక్స్, వై తావులను గూడ పట్టుకొనుచున్నవి. అనగా ఎక్స్, వై భేదమే వేరొక క్రోమోజోము భేదముగా కనిపించినది. 2011 నుండి ఈ దోషమును పరిశోధకులే కనుగొని ప్రకటించి, అట్టి సూచికలను తీసివేసి మరల లెక్కించుచున్నారు. ఒకసారి చెప్పినది తప్పని తెలిసిన వెంటనే నలుగురిలో చెప్పుకొను ఈ పద్ధతిని మా వైద్యులమందరమును నేర్చుకొనవలెను.

దోషములు తీసివేసిన తరువాతను భేదము మిగిలినది. 2015లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతమునకు చెందిన 1,799 మంది రక్తమును చూచి, ఇతర సమూహములలో సరిచూచుకొని, 22 జతలలో వెయ్యికి పైగా తావులలో స్త్రీ పురుష భేదము స్థిరమని తేల్చినారు. అదే సంవత్సరము జపానులో కణముల పాళ్లను సరిచేసి చేసిన పరిశోధనలోను భేదము నిలిచినది. ఈ కొత్త పరిశోధనలలో భేదమున్న తావులు ఎక్కువ భాగము స్త్రీలలోనే అధిక గుర్తులు కలిగియున్నవి. పాత లెక్కకును కొత్త లెక్కకును వైరుధ్యము లేదు, చూచిన తావులు వేరు.

ఈ భేదములు అలవాట్ల వలన వచ్చినవా? పొగత్రాగుట, శ్రమ, ఆహారము స్త్రీ పురుషులకు వేరుగదా! కొంత పాలు అట్లుండవచ్చును. అయితే 2015లోనే కాలిఫోర్నియాలో అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డుతాడు రక్తమును పరీక్షించినపుడు ఆడ, మగ శిశువుల నడుమ భేదము కనిపించినది. అచ్చటను ఎక్కువ తావులలో ఆడశిశువులకే గుర్తులు హెచ్చు. చుట్ట కాల్చని, ఉపవాసము చేయని పసికందులలోనే భేదమున్నదన్నచో అది గర్భములోనే మొదలైనదని గ్రహింపవలెను.

భేదమనగా ఆకాశమునకు భూమికి గల దూరమని అనుకొనరాదు. ఈ 22 జతలలో ఒక్కొక్క తావున కనిపించునది చాలా వరకు నూటికి కొద్ది పాళ్ల తేడా మాత్రమే. వేయిమంది సగటు తీసినపుడు తెలియునదే గాని ఎదుటి మనిషిని చూచి చెప్పగలిగినది కాదు. స్త్రీ బుద్ధి, పురుష బుద్ధి ఇందులో నున్నవని ఎవరైన చెప్పిన నమ్మవలదు. మనము చూచినది తెల్లకణములను, బుద్ధిని కాదు.

లూపస్ స్త్రీలకే ఏల?

శరీరమును కాపాడవలసిన తెల్లకణములు తన శరీరమునే శత్రువని ఎదిరించుట లూపస్ లక్షణము. చర్మము, కీళ్లు, మూత్రపిండములు, రక్తము, దేనినైన తాకవచ్చును. 2007లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు లూపస్ ఉన్న స్త్రీల టి-కణములలో, మూసియుండవలసిన ఎక్స్ మీద ఒక జన్యువు వద్ద మిథైల్ గుర్తులు ఊడిపోయినవని చూపినారు. ఆ జన్యువు రోగనిరోధక కణములను ఉసిగొల్పునది. గుర్తు ఊడుటతో రెండవ ప్రతి కూడ తెరచుకొన్నది. ఊడదగిన మూత పురుషునకు లేదు, ఉన్నది ఒకే ఎక్స్ గనుక.

2008లో మరియొక బలమైన సాక్ష్యము దొరకినది. కొందరు పురుషులు రెండు ఎక్స్‌లు, ఒక వై తో పుట్టుదురు. సాధారణ పురుషులకంటె వీరిలో లూపస్ సుమారు 14 రెట్లు అధికమని తేలినది. కావున దోషము కేవలము స్త్రీ హార్మోనులది కాదు, రెండవ ఎక్స్‌కు పాలు కలదు. 2024లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎక్స్‌ను మూయించు ఆ ఎక్సిస్ట్ పదార్థమును మగ ఎలుకలలో పుట్టించి చూడగా, వ్యాధి వచ్చు స్వభావమున్న ఎలుకలలో ఇట్టి రోగమే ఎక్కువైనది. హార్మోనులు, ఎండ, కొన్ని ఔషధములు, వంశము వీనితో కలిసి వ్యాధిని తెచ్చును. గుర్తులు ఆ గొలుసులో ఒక లంకె.

ఆ ఉపాధ్యాయురాలి అత్తవారు, "కోడలు వేళకు తినదు, ఎండలో తిరిగి తెచ్చుకొన్నది" అని సణిగినారట. వారికి చెప్పదలచినది ఒక్కటే. ఆమె ఈ వ్యాధిని తెచ్చుకొనలేదు.

మన నడవడి మార్చగల గుర్తులు

స్త్రీ పురుష భేదము పుట్టుకతో వచ్చినది. అయితే గుర్తులలో కొన్ని జీవనవిధానము వలన మారును. పొగత్రాగువారి రక్తములో ఏ.హెచ్.ఆర్.ఆర్. అను జన్యువు వద్ద గుర్తులు తగ్గిపోవును. మానిన పిదప అవి నెమ్మదిగా యేండ్ల మీద తిరిగి వచ్చును. గర్భిణి పొగత్రాగిన శిశువు బొడ్డుతాడు రక్తములోను ఈ మార్పు కనిపించునని 2012లో నార్వే శిశువులను చూచి చెప్పినారు. పొగ పురుషుల అలవాటని ఉపేక్షింపరాదు. ఉత్తరాంధ్ర తీరమున చుట్టను నిప్పు వైపు నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలోనే ఎక్కువగా ఉండినది, అంగిటి క్యాన్సరు దాని ఫలము.

ఆకలియు గుర్తు వేయును. 1944-45 చలికాలమున జర్మను సైన్యపు దిగ్బంధములో హాలెండు పడమటి ప్రాంతము కరవు పాలైనది. ఆ కరవులో గర్భమున పడినవారి రక్తమును సుమారు అరువదేండ్ల తరువాత పరీక్షించి, తోడబుట్టిన వారితో పోల్చగా, ఒక పెరుగుదల జన్యువు వద్ద గుర్తులు తగ్గియుండెనని 2008లో ప్రకటించినారు. మరుసటి యేడు ఇంకను కొన్ని జన్యువులను చూచి, కొన్ని మార్పులు శిశువు ఆడయా మగయా అనుదానిని బట్టియు ఉన్నవని తెలిపినారు. తల్లి కడుపున పడిన కరవును రక్తము అరువదేండ్లు మరువలేదన్నమాట.

మిథైల్ ముక్క శరీరమునకు ఎచ్చటినుండి వచ్చును? ఆహారమునుండియే. ఫోలేటు, బి-12, కోలిన్, మెథియోనిన్ అను పోషకములు దీనికి ఆధారము. ఫోలిక్ ఆమ్లము కథలో మన తెలుగువాడు కలడు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు యౌవనమున సంగ్రహణితో బాధపడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, పిదప అమెరికా వెళ్లినారు. అచ్చట లెడర్లే ప్రయోగశాలలో వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము తయారైనది. ఆ సంగ్రహణి తెచ్చు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే ఔషధమైనది. నేడు గర్భిణికి ఇచ్చు చిన్న మాత్రలో సుబ్బారావు గారి శ్రమ యున్నది.

ప్రకృతి పరిశోధనలో స్త్రీ ఎక్కడ?

వాత, పిత్త, కఫ ప్రకృతులకు రక్తములోని గుర్తులకు సంబంధమున్నదా అని మన దేశమునను పరిశోధించినారు. 2015లో ప్రకటించిన ఒక పరిశోధనలో 3,416 మందిని పరీక్షించి, వారిలో స్పష్టమైన ప్రకృతి కల 147 మంది రక్తమును చూచినారు. మూడు ప్రకృతుల నడుమ మిథైలేషన్ భేదములు కనిపించినవి. చదివి సంతోషించినాను. మరల చదివినప్పుడు ఒక మాట వద్ద ఆగిపోయినాను. ఆ 147 మందియు ఇరువది నుండి ముప్పది యేండ్ల పురుషులే.

ఒకే లింగము వారిని, ఒకే వయస్సు వారిని తీసికొన్న లెక్క శుభ్రముగా వచ్చును. పద్ధతిలో తప్పు లేదు. కాని ఆ ఫలితమును స్త్రీకి అన్వయింపరాదు. ఎడమచేయి పట్టి చూడవలెనని నియమము పెట్టుకొన్న సంప్రదాయము పరిశోధనకు కుడిచేతితోనే తృప్తిపడరాదు గదా! నేను ఆ ఉపాధ్యాయురాలి విషయమున చేసినదియు ఇదే. ఎడమచేయి పట్టినాను, ఆలోచన మాత్రము అందరికి ఒకటే చేసినాను.

"మీ ప్రకృతిని రక్తముతో చెప్పెదము", "మీ రక్తపు వయస్సు చెప్పెదము" అని ధనము గుంజు ప్రకటనలు వచ్చుచున్నవి. 353 తావుల గుర్తులను చూచి వయస్సును అంచనా వేయు పద్ధతి 2013లో వచ్చిన మాట నిజము. ఆ లెక్కన పురుషుల రక్తము స్త్రీలకంటె సగటున కొద్దిగా ముందు ముదురునన్న మాటయు నిజము. అవి పరిశోధనకు పనికివచ్చునవి, మీ ఇంటి చికిత్సకు కావు. ఆ ధనముతో పప్పులు, పాలు కొనుడు.

ఇంటివారు చేయవలసినవి

1. పదునైదు నుండి నలుబదియైదు యేండ్ల లోపు స్త్రీకి ఆరు వారములకు మించి కీళ్లనొప్పులుండి, వానితో బాటు బుగ్గల మీద రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వలె ఎరుపు, ఎండ పడకపోవుట, జుట్టు రాలుట, నోటిలో నొప్పిలేని పుండ్లు, తరచు జ్వరము వీనిలో ఏవైన ఉన్న, కషాయములతో కాలము గడపక కీళ్లవాతపు నిపుణుని చూడుడు. మూత్రము నురగ కట్టుట, పాదముల వాపు కనిపించిన ఆ దినమే వెళ్లుడు. మూత్రపరీక్ష స్వల్ప ఖర్చుతో జరుగును.

2. లూపస్ వంటి వ్యాధి ఉన్నవారు "రోగనిరోధక శక్తిని పెంచు" ఔషధములను, తిప్పతీగ, అశ్వగంధ మొదలగు వానిని తమంతట తాము వాడరాదు. ఆ శక్తి వీరికి తక్కువై కాదు, దారి తప్పి బాధించుచున్నది. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయము దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించినారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయమును అంగీకరింపలేదు. వివాదము తేలువరకు జాగ్రత్తయే మేలు.

3. ఆసుపత్రివారిచ్చిన మాత్రలను, ముఖ్యముగా హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను, నొప్పి తగ్గినదని మానరాదు. దానిని వాడువారు వైద్యుడు చెప్పిన కాలమునకు కంటి పరీక్ష చేయించుకొనవలెను.

4. గర్భము కోరు స్త్రీ ముందుగానే వైద్యుని అడిగి ఫోలిక్ ఆమ్లము మొదలుపెట్టవలెను. గర్భిణికి దినమునకు 400 మైక్రోగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మోతాదు. తోటకూర, పాలకూర, మెంతికూర, పెసలు, శనగలు, కందులు ఫోలేటు నిచ్చునవి. కూరను ఉడికించి ఆ నీటిని పారబోసిన ఫోలేటు అందులోనే పోవును. నీరు కొద్దిగా పోసి మూతపెట్టి మగ్గింపుడు.

5. బి-12 మొక్కలలో దొరకదు. శాకాహారులు పాలు, పెరుగు తప్పక తీసికొనవలెను. అలసట, అరికాళ్ల తిమ్మిరి ఉన్నచో రక్తపరీక్ష చేయించవలెను. ఇంట అందరికి వడ్డించి మిగిలినది తిను ఇల్లాలికే ఈ లోపము తెలియకుండ ముదురును.

6. ఫలానా కూర ఫలానా జన్యువును తెరచునని, మూయునని చెప్పు మాటలకు ఆధారము లేదు. సమతుల ఆహారము, నిద్ర, పొగ మానుట, వీనికి మించిన రహస్యము లేదు.

ఆ ఉపాధ్యాయురాలు ఇప్పుడు కుదుటపడినది. ఆసుపత్రి మందులే ప్రధానము, నేను ఆహారము మాత్రము చెప్పుచున్నాను. వ్యాధి అణగియున్నందున వైద్యుల అనుమతితో గర్భము ధరించి, నిరుడు ఒక ఆడపిల్లను కన్నది. పాపను చూపుటకు వచ్చినప్పుడు నాకు క్షమాపణ చెప్పుకొను అవకాశము దొరకినది. "మీరు ఆ రోజే పంపబట్టి బతికాను కదండీ" అన్నదామె. ఆ మాట ఆమె మంచితనము. నాలుగు నెలల లెక్క నాకు తెలియును.

ఇప్పుడు నా వద్దకు కీళ్లనొప్పులతో వచ్చిన ప్రతి స్త్రీని ముందుగా అడుగుచున్నాను. ఎండలోకి వెళ్తే బుగ్గలు మండుతాయా అమ్మా? జుట్టు రాలుతోందా? మూత్రం నురగ కడుతోందా? ఆ పిదపనే ఎడమచేయి పట్టుచున్నాను.